కాలు తగిలితే కళ్ళకద్దుకునే గార్డు

ఆ రోజుల్లో భయం కూడా అందరం కలిసి పడేవాళ్ళం. యుద్ధం కువైట్‌లో, మేముండేది ఖతార్‌లో. అయినా ఆకాశంలో విమానం మోత వినపడితే చాలు, మెసైమీర్‌లోని మా కంపెనీ క్యాంపులో అన్నం కలుపుతున్న చేతులు కంచాల్లోనే ఆగిపోయేవి. (మోత దూరమయ్యాక ముందుగా తేరుకునేది మాత్రం నేనే. భయం సంగతి తర్వాత, పప్పు చల్లారిపోదూ!) డిగ్రీ గట్టెక్కని నన్ను మా మేనమామ, అల్ వుకైర్‌లో ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు, తన యజమానిని బతిమాలి ఈ కంపెనీలో గోడౌన్ గుమాస్తాగా చేర్పించాడు. "నా పరువు నీ చేతిలో పెడుతున్నానురా అబ్బాయ్, జాగ్రత్త" అన్నాడు. వచ్చి ఆర్నెల్లయినా కాకముందే ఆ పరువుకు ముప్పొచ్చింది.

యుద్ధం మొదలవగానే గార్డుల్లో సగం మంది సొంత దేశాలకు వెళ్ళిపోయారు. ఓడలు రాక గోడౌన్‌లో పనీ పోయింది. కంపెనీవాళ్ళు రెండు రోగాలకూ ఒకటే మందు వేశారు: గుమాస్తాలనే గార్డులుగా మార్చడం. ఎంపిక గోడౌన్ తలుపు దగ్గర జరిగింది. తలుపు మీద సుద్దముక్కతో గీత గీశారు. తల గీత దాటినవాడు గార్డు, దాటనివాడు ఇంటికి. బళ్ళో నన్ను 'తాడిచెట్టు' అనిపించిన పొడుగు ఆ ఒక్కసారి అక్కరకొచ్చింది. కానీ శిక్షణలో తప్పినవాడికి కూడా విమానం టికెట్టు చేతిలో పెడతామని అదే నోటితో చెప్పారు. ఆ రోజు నుంచీ నాకు నిద్ర లేదు.

శిక్షణ ఇచ్చేది బ్రిటిష్ సైన్యంలో మిలిటరీ పోలీసు సార్జెంటుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన. మేం మీసాల దొర అనుకునేవాళ్ళం (ఆయన వినేంత దూరంలో లేనప్పుడు). రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజుల్లో మీసాలైనా రాని కుర్రాడిగా చేరాడట. అప్పుడు తనను ఎలా మలిచారో మమ్మల్నీ అలాగే మలుస్తానన్నాడు. బూట్లు తుడవడం, గేటు దగ్గర చెయ్యెత్తి లారీ ఆపడం బాగానే పట్టుబడ్డాయి. నా పాలిట గండం సోదా రూపంలో వచ్చింది. అనుమానం ఉన్న మనిషిని గోడకు చేతులానించి నిలబెట్టి, వెనక నుంచి మన బూటుతో అతని పాదాలను ఎడంగా తన్ని, అప్పుడు ఒళ్ళంతా తడమాలి. నాకు జతగా నిజామాబాద్ అన్న పడ్డాడు, నాకంటే పదేళ్ళు పెద్దవాడు, నా గదిలోనే ఉండేవాడు. తన్నాను. తన్నిన మరుక్షణం నా ప్రమేయం లేకుండానే నడుం వంగి, చెయ్యి అన్న కాలిని తాకి నా కళ్ళను చేరింది. దొర మళ్ళీ చెయ్యమన్నాడు. మళ్ళీ తన్నాను, మళ్ళీ కళ్ళకద్దుకున్నాను. దొర నా మొహంలో మొహం పెట్టి, తాగి తిరగబడ్డ సైనికుల్ని చూశాను, పారిపోయినవాళ్ళనూ చూశాను గానీ దొంగకు దణ్ణం పెట్టే పోలీసును మాత్రం నిన్నే చూస్తున్నానన్నాడు. గురువారం పరీక్ష, గోడకు నిలబడేది తానేనని కూడా చెప్పాడు.

"చెయ్యి ఖాళీగ ఉంటెనే గద తమ్మీ పోతది. రెండు చేతుల్ల లాఠీ పట్టుకో" అన్నాడు అన్న. ఖాళీ సమయంలో వంటగది వెనక బియ్యం బస్తాను తన్ని అభ్యాసం చేశాను. (బియ్యం బస్తాకు కాలు తగిలినా కళ్ళకద్దుకోవాల్సిందేనని తన్నాక గుర్తొచ్చింది.) శుక్రవారం సెలవుకు మావయ్య నన్ను చూడటానికి వచ్చేసరికి నేను పెట్టెతో సిద్ధంగా ఉంటానేమోనని భయంతో నాకు అన్నం కూడా సయించలేదు.

పరీక్షలో నాకు ముందు ఈజిప్టువాడు, ఫిలిప్పీన్స్‌వాడు, అన్న ఒకరి తర్వాత ఒకరు దొరను శుభ్రంగా తడిమి, మోకాళ్ళ దాకా వచ్చి, సెల్యూట్ కొట్టి పక్కకు తప్పుకున్నారు. దొర ఎవరినీ ఏమీ అనలేదు. నా వంతు వచ్చింది. వెనక నుంచి చూస్తే నెరిసిన జుట్టు, కొంచెం వంగిన భుజాలు, అచ్చం మా నాన్న వయసు. బూటు తగిలింది. లాఠీ ఎప్పుడు కింద పడిందో తెలియదు. వంగి ఆయన చీలమండను తాకాను. మేజోడు కింద ఏదో గట్టిగా తగిలింది. లాగితే చిన్న కత్తి. దాన్ని అలా పట్టుకునే, కత్తితో సహా కళ్ళకద్దుకున్నాను.

దొర వెనక్కి తిరిగి, మోకాళ్ళ కింద ఎవరూ వెతకలేదు, నువ్వెందుకు వంగావని అడిగాడు. అబద్ధం చెప్పే తెలివైనా లేక, వచ్చిన ఇంగ్లీషులో నిజమే చెప్పాను.

"మీరు పెద్దవారు సార్. కాలు తగిలింది."

"కత్తి ఉందని అనుమానం వచ్చి కాదా?"

"కాదు సార్."

ఆయన నా చేతిలోంచి కత్తి తీసుకున్నాడు. "ఈ మాట ఇంకెవరికీ చెప్పకు" అని మెల్లగా అని, పాస్ అని గట్టిగా అరిచాడు. మిగతావాళ్ళకు మళ్ళీ పరీక్ష పెట్టి వాళ్ళనూ గట్టెక్కించాడు (గార్డులు లేక కంపెనీ అల్లాడుతోంది మరి). శుక్రవారం మావయ్య నా యూనిఫాం చూసి నా కాలరు సర్దాడు.

యుద్ధం ముగిశాక ఒకరోజు గేటు దగ్గర, తర్వాతి బ్యాచ్‌లో వచ్చిన ఒక సూడాన్ కుర్రాడు లారీ డ్రైవర్ని సోదా చేస్తున్నాడు. పాదాలను తన్నాడు, వంగి చీలమండలు తాకాడు, ఆ అరచేతిని భక్తిగా కళ్ళ దాకా తెచ్చుకున్నాడు. ఎందుకలా చేశావని అడిగితే, చేతికి మందుగుండు పొడి అంటిందేమో చూడాలని దొర నేర్పాడన్నాడు. నేను నోరు మూసుకుని గేటెత్తాను.

ఇప్పుడు విమానాశ్రయాల్లో సోదా చేసేవాళ్ళ బూటు నా కాలికి తగిలినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి చూస్తాను. ఎవరూ వంగరు. నాకే నవ్వొస్తుంది, ఉద్యోగం పోతుందని వణికిపోతూ కూడా చెయ్యిని ఆపుకోలేకపోయిన ఆ పొడుగు కుర్రాడి మీద కొంచెం ప్రేమ కూడా కలుగుతుంది.