సున్నంతో గీసిన మనిషి

మా ఇంగ్లీషు మాస్టారు పోయారని పోయిన నెల ఫోన్ వచ్చింది. నరసరావుపేట నుంచి ఆయన భార్య చేశారు. ఆవిణ్ణి మేమంతా పిన్నిగారూ అంటాం. పొద్దున కాఫీ తాగి మంచం మీద వాలారట, కాసేపటికి పిలిస్తే పలకలేదట. గుండెపోటని డాక్టరు చెప్పారు. నేను సత్తెనపల్లి దగ్గర ఒక హైస్కూల్లో పీఈటీని, ఆటల టీచర్ని. అప్పుడు గ్రౌండులోనే ఉన్నాను. ఫోన్ పెట్టేసి పీరియడ్ పూర్తి చేశాను. ఏడుపు రాలేదు, భయం వేసింది. ఆ సంగతి చివర్లో చెబుతాను.

మాస్టారు ఆటగాడేమీ కాదు. ఆయన జన్మలో పరిగెత్తింది బస్సుల వెనకే. మాకు శావల్యాపురంలో పాఠాలు చెప్పేటప్పుడు గ్రౌండు వైపు చూసేవారు కూడా కాదు. ఆయన గ్రౌండులోకి దిగింది నా మోకాలి వల్ల.

నేను కబడ్డీ ఆడేదాన్ని. టెన్త్ అయ్యాక ఒక పెద్ద క్యాంపుకి ఎంపికయ్యాను. అక్కడి కోచ్‌కి తెలుగు రాదు. రెండో రోజు మోకాలు బరువెక్కింది. ఆయన వచ్చి స్వెల్లింగ్ ఉందా, స్టిఫ్‌నెస్ ఉందా అని ఇంగ్లీషులో అడిగాడు. అర్థం కాలేదు. పంపించేస్తాడేమోనని అన్నిటికీ నో సార్ అన్నాను. మర్నాడు ఆటలో లిగమెంట్ తెగింది. అంతటితో నా ఆట ముగిసింది.

చూడ్డానికి మాస్టారు మా ఇంటికొచ్చారు. నా మోకాలి కట్టు వంక చూశారు. టెన్త్‌లో ఇంగ్లీషు ఫస్టు మార్కు నాదే. వ్యాసాలన్నీ అప్పజెప్పేదాన్ని. “వాపు అనే మాట నేర్పలేదే నీకు. పూల మీద పద్యాలు నేర్పా,” అన్నారు. తప్పు నాదని ఎంత చెప్పినా వినలేదు.

ఆ వారమే స్కూలు గ్రౌండులో ఆటలాడే పిల్లలకీ, నాకూ సాయంత్రం క్లాసు మొదలుపెట్టారు. కోర్టు గీతలకు వాడే సున్నం డబ్బా తీసుకుని, ఇస్త్రీ చొక్కాతోనే గొంతుక్కూర్చుని, గ్రౌండు మీద నిలువెత్తు మనిషికి నాలుగింతల బొమ్మ గీసేవారు. చెవులు మాత్రం ఎప్పుడూ మర్చిపోయేవారు. ఆయన హామ్‌స్ట్రింగ్ అనగానే పిల్లలు పరిగెత్తి బొమ్మ తొడ వెనక నిలబడాలి. యాంకిల్ అంటే చీలమండ మీదికి. రొప్పుతూనే ఆ మాటతో ఒక వాక్యం చెప్పాలి. కుదురుగా కూర్చుని చెప్పింది లెక్కలోకి రాదనేవారు. దెబ్బ తగిలినప్పుడు ఎవరూ కుదురుగా కూర్చుని మాట్లాడరు కదా.

మా వైపు నరం జరిగినా, కండ చిట్లినా, కీలు మడతపడినా ఒకటే మాట, పట్టేసింది. ఆ మాట ఆయన క్లాసులో నిషిద్ధం. అన్నవాళ్లు గ్రౌండు చుట్టూ ఒక రౌండ్ కొట్టాలి. దాని బదులు మూడు ప్రశ్నలు. ఎక్కడ? ఎట్లాంటి నొప్పి? ఏం చేస్తుంటే వచ్చింది? ఈ మూడింటికీ ఇంగ్లీషులో జవాబు చెప్పినవాళ్లకే నీళ్ల బాటిల్.

ఒకరోజు మా నాన్న పొలం నుంచి వస్తూ ఆగి చూశాడు. “ఏంది మాస్టారూ, నొప్పి తెలుగులో రాదా?” అన్నాడు.

“వస్తది. వినేవాడికి తెలుగు రాదు గదయ్యా,” అన్నారు మాస్టారు.

ఆ క్లాసులో నేర్చిన మాటలతోనే నేను ఆటల టీచరు చదువు, బీపీఈడీ గట్టెక్కాను. మాస్టారి దగ్గర రిఫర్డ్ పెయిన్ అన్న మాట ఒక్కటే మాకు ఎక్కేది కాదు. నొప్పి ఒకచోట, జబ్బు ఇంకోచోట. అందుకు ఇద్దర్ని నిలబెట్టేవారు, ఒకర్ని బొమ్మ ఎడం భుజం మీద, ఇంకొకర్ని గుండె మీద. “కేకలేసేవాడి దగ్గరికే పోతారే అందరూ. కిమ్మనకుండా ఉన్నోణ్ణి కూడా అడగాలి,” అనేవారు.

ఇక ఆ భయం సంగతి. ఆయన పోయే ముందురోజు నాకు ఫోన్ చేశారు. మా స్కూలు పిల్లల కోసం ఒంటి భాగాల ఇంగ్లీషు మాటల పట్టిక ఒకటి రాస్తున్నారు. “ఎడం భుజం పట్టేసిందే. రాత చానా నిదానంగా సాగుతా ఉంది,” అన్నారు. నాకు నవ్వొచ్చింది. ఇన్నేళ్లకు దొరికారనుకున్నాను. “ఆ మాటన్నారు గాబట్టి ఒక రౌండ్ కొట్టాల్సిందే మాస్టారూ,” అన్నాను. ఆయనా నవ్వారు. బామ్ రాసుకోమని చెప్పి పెట్టేశాను. మూడు ప్రశ్నల్లో ఒక్కటీ అడగలేదు.

దినాలకు వెళ్లినప్పుడు పిన్నిగారు చెప్పారు, ఫోన్ పెట్టేశాక నవ్వుకుంటూ నిజంగానే ఇంటి చుట్టూ ఒక రౌండ్ తిరిగొచ్చారట. ఆవిడ దాన్ని మంచి జ్ఞాపకంగానే చెప్పారు. నేను తలూపాను. నేనేమీ అడగలేదని ఆవిడకు చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను. అడిగితే బతికేవారో లేదో తెలియదు. అడగాల్సింది, అంతే.

పట్టిక సగంలో ఉంది. పిన్నిగారు ఆ కాగితం నాకే ఇచ్చారు. కింది నుంచి రాసుకొచ్చారు, పాదం, పిక్క, మోకాలు, నడుము. భుజం దాకా వచ్చి ఆగింది.

మర్నాడు మా స్కూల్లో సున్నంతో బొమ్మ గీశాను. నాకూ చెవులు గుర్తు రాలేదు, పిల్లలు చెబితే పెట్టాను. లెఫ్ట్ షోల్డర్ అన్నాను. అందరూ పోలోమని భుజం మీదికి పరిగెత్తారు. వాళ్లలోంచి ఒక ఎనిమిదో తరగతి పిల్లను చెయ్యి పట్టుకుని తెచ్చి గుండె మీద నిలబెట్టాను. ఎందుకని అడిగింది. ముందు నిలబడమన్నాను.

అప్పటి నుంచి భుజం అన్నప్పుడల్లా ఆ పిల్ల అందరితో పాటు పరిగెత్తదు. తిన్నగా వెళ్లి, పాదాలకు సున్నం అంటించుకుని, గుండె మీద ఒక్కతే నిలబడుతుంది.