దిష్టి బొమ్మల పెయింటర్

తొంభైలలో హోసూరు గోడల మీద మా హేతువాద సంఘం నినాదాలన్నీ ఒకే చేతి రాత. మేము కాగితం మీద రాసిస్తే, బస్టాండు వెనక వీధిలో ఉండే పెయింటర్ వాటిని తెలుగు, తమిళం, కన్నడం మూడింటిలోనూ రాసేవాడు. సభలకు గుడ్డ బ్యానర్లు కూడా అతనివే. ఆ చేత్తోనే రేకుల మీద కోరలు, గుడ్లురిమే కళ్లు గీసి, కొత్తగా కడుతున్న ఇళ్లకు దిష్టి బొమ్మలు అమ్మేవాడు.

"పొద్దున నీ మాట రాస్తాను, మాపటికి నీ శత్రువును గీస్తాను. ఇద్దరూ నాకు గిరాకీనే కదప్పా" అనేవాడు.

తర్వాత ఫ్లెక్సులు వచ్చాయి. అంగళ్ల బోర్డులు అతని చెయ్యి జారిపోయాయి. ఫ్యాక్టరీలతో పాటు లేఅవుట్లు పెరిగాయి గనుక దిష్టి బొమ్మలు మిగిలాయి. నేను ఊరి నుంచి తరిమెయ్యాలనుకున్న భయమే అతని పొయ్యి వెలిగిస్తోంది.

ఆ రోజుల్లోనే దిష్టి మీద సభ పెట్టాం. బ్యానర్ ఫ్లెక్సులో వేయిద్దామని మా కుర్రవాళ్లు అంటే నేను తల ఊపాను. వేదిక ఎక్కాక చూస్తే మొదటి వరసలో పెయింటర్, గోళ్ల చుట్టూ ఎండిన ఎర్ర రంగుతో. నిమ్మకాయల్నీ, నల్లదారాల్నీ, వాస్తునూ చీల్చి చెండాడాను. రాక్షస ముఖాల గురించి రాసుకున్న పేజీని మాత్రం చప్పుడు లేకుండా తిప్పేశాను. చప్పట్లు మోగాయి. అతనికి ఏదో మేలు చేశాననుకున్నాను.

సభ అయ్యాక దగ్గరికి వచ్చాడు.

"ఏమప్పా, నిమ్మకాయల్ని ఉతికి ఆరేసినావు. నా రాక్షసుణ్ణి ముట్టుకోలేదే? వానికి భయపడినావా?"

"నీ పొట్ట కొట్టడం ఎందుకని..."

"నేను అడిగినానా? ఇన్నేండ్లు నువ్వు తిట్టిన తిట్లన్నీ నేనే గోడకు రాసినాను. ఒక్క గిరాకీ పోలేదు." నవ్వాడు. తలెత్తి ఫ్లెక్సు చూశాడు. నవ్వు ఆగిపోయింది. "దీంట్లో తెలుగు యాడ?"

ఫ్లెక్సు షాపు కంప్యూటర్లో తెలుగు అక్షరాలు లేవన్నాను.

"దానికి రాకుంటే నాకు రాదా? గుడ్డ ఇచ్చింటే రాసిచ్చింటానే."

జాలిపడి నా మాట మింగాను. అతనికి కావలసింది జాలి కాదు, పని. ఆ పని ఇవ్వడం నా చేతిలోనే ఉండింది. దాన్ని ఒక్క తల ఊపుతో పోగొట్టాను.

తర్వాతి సభకు గుడ్డ కొని నేనే పోయాను. కెలవరపల్లి దారిలో ఒక కొత్త మేడ ముందు రాక్షసుడికి మీసాలు దిద్దుతున్నాడు. "ఆడ పెట్టిపోప్పా" అన్నాడు, కుంచె ఆపకుండా.

బ్యానర్ వచ్చింది. తెలుగు అన్నిటికంటే పైన, బొద్దుగా, నీడ తీర్చిన అక్షరాలతో. దాని కింద నిలబడి, ఆనాడు దాటేసిన పేజీ పూర్తిగా చదివాను. అతను సభకు రాలేదు. సూళగిరిలో ఎవరిదో గృహప్రవేశమట, ఇంటికి రాక్షసుడి ముఖం బిగించడానికి పోయాడు.

ఆ పై సభ నాటికి ఫ్లెక్సు షాపులోకి తెలుగు అక్షరాలు వచ్చేశాయి.

"సార్, ఇప్పుడు తెలుగు కూడా పడతది. ఇచ్చేద్దామా?" అని అడిగారు కుర్రవాళ్లు.

ఎంతమందితోనో గంటల తరబడి వాదించిన వాణ్ణి. ఆ పూట మాత్రం మళ్లీ తల ఊపాను.