ఎవరి వైపు నుంచి

నేను బేరం ఆడకుండా కొన్నది ఏదైనా ఉందా అని ఆలోచిస్తే రైలు టిక్కెట్టు ఒక్కటే తోస్తుంది. అది కూడా ఒకసారి ప్రయత్నించాను. కిటికీలోని మనిషి తలెత్తి, "అమ్మా, ఇది కూరగాయల కొట్టు కాదు," అన్నాడు. నాకేమీ సిగ్గనిపించలేదు. పుట్టిల్లు కిరాణా కొట్టు, మెట్టినిల్లు బెల్లం కొట్టు. రెండూ అనకాపల్లిలోనే, పక్కపక్క వీధుల్లో. మేనమామ కొడుకుని చేసుకున్నాను కాబట్టి, అత్తారింటికి వెళ్ళడమంటే ఒక గల్లాపెట్టె పక్క నుంచి లేచి ఇంకో గల్లాపెట్టె పక్కన కూర్చోవడమే.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వ్యాపారుల చొక్కా జేబుల్లోకి వస్తున్న రోజులవి. మా అమ్మాయికి ఐదో ఏట రక్త క్యాన్సరని విశాఖపట్నం ఆసుపత్రిలో చెప్పినప్పుడు నేను ముందు చేసిన పని ఏడవడం కాదు, బేరం ఆడటం. వెన్నులోకి ఇచ్చే ఇంజక్షన్లు ఇన్ని పడతాయని పెద్ద డాక్టరు చెబితే, "కొంచెం తగ్గించి చూడండి సార్," అన్నాను. ఆయన నవ్వలేదు. "అవి తగ్గిస్తే జబ్బు తగ్గదమ్మా," అన్నాడు. ఒక్క మాటతో బేరం ముగించిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. ఆయన మీద నమ్మకం కుదిరింది అందుకే.

మందులు పనిచేశాయి. ఎముక మజ్జలో చెడ్డ కణాలు కనబడటం లేదని మొదటి విడత అయ్యాక చెప్పారు. ఇంకా ఏళ్ళ తరబడి మందులు వాడాలి, మధ్యలో తిరగబెట్టొచ్చు కూడా అన్నారు. పిల్లకి జుట్టంతా రాలిపోయింది. మా మావయ్య బట్టతల మీద చెయ్యి వేసి, "తాతా, మనిద్దరిదీ ఒకటే కంపెనీ," అనేది. ఆ ఇంట్లో ఆ జబ్బు గురించి నవ్వగలిగింది అదొక్కతే.

మిగిలినవాళ్ళకి ఒకటే ప్రశ్న. పిల్ల బతుకుతుందా అని కాదు, జబ్బు ఎవరి వైపు నుంచి వచ్చింది అని. నక్కపల్లి నుంచి చూడటానికి వచ్చిన చుట్టాలు మజ్జిగ తాగి, పిల్లని ఎగాదిగా చూసి, గొంతు తగ్గించి అదే అడిగేవారు. మేనరికం కదా, అనేవారు. మేనరికంలో రెండు వైపులూ కలిసిపోతాయి కాబట్టి తప్పు ఎవరిదో తేల్చడం కష్టమని మీరనుకోవచ్చు. మా అత్తకి ఏమీ కష్టం కాలేదు. "మా ఇంట్లో తరతరాలుగా ఎవలికీ నేదు. మీ నాన్న వైపుదే," అంది. మా నాన్న వైపువాళ్ళు మేనమామ వైపుదన్నారు. మధ్యలో నేను. ఎటు నుంచి వచ్చిన సరుకైనా నాలోంచే కదా బయటపడింది.

అక్కడితో ఆగినా ఊరుకునేదాన్నే. మా తోటికోడలు తన పిల్లల్ని మా అమ్మాయి పక్కన భోజనానికి కూర్చోనివ్వడం మానేసింది. అంటుకుంటుందని కాదట. వచ్చేపోయేవాళ్ళ కంట్లో పిల్లలందరూ ఒకే రకం కింద పడతారట. "రేపు నా పిల్లల సంబంధాల కాడ ఈ మాట వత్తాది గదా, నువ్వే సెప్పు," అంది. ఇంతా చేసి ఆ పిల్లలింకా బడిలో పలకలు పగలగొట్టుకుంటున్నారు. మా అత్త ఔననలేదు, కాదనలేదు. మర్నాటి నుంచి మా అమ్మాయికి వంటింటి గోడ పక్కన వేరే పీట పడింది.

"అమ్మా, నాను ఏటి సేసేను?" అని అడిగింది పిల్ల.

అలాంటప్పుడు ఆసుపత్రిలో తగిలింది పరిశోధన డాక్టరమ్మ. చిన్న వయసు, లావు కళ్ళద్దాలు, భుజానికి ఎప్పుడూ ఒక గుడ్డ సంచీ. మా పిల్ల జబ్బు బయటపడిన రోజు తీసిన మజ్జలో కొంచెం మిగిలిందట, దాన్ని గడ్డకట్టించి దాచారట. అందులోని జన్యువుల్ని పరీక్షించి, అమ్మానాన్నల రక్తంతో పోల్చి చూస్తామంది. ఏ పిల్లల్లో ఎక్కడ తేడా వస్తోంది, ఏ మందు ఎవరికి బాగా పనిచేస్తుంది అన్నది తెలుసుకోవడానికట. మేమిద్దరం ఒప్పుకుని రక్తం ఇవ్వాలి.

"దీనివల్ల మీకు ఇప్పుడు లాభమేమీ ఉండదండి. మీ ఫలితం మీకు విడిగా చెప్పడం కూడా ఉండదు," అంది.

లాభం లేదని ముందే చెప్పే అమ్మకందారుని చూడటం అదే మొదలు. కానీ రెండో మాట దగ్గర నాకు ఎక్కడో కాలింది.

మా కొట్టులో ఒక పద్ధతి ఉంది. కొనడానికి వచ్చినవాడు బెల్లం దిమ్మ అంచున కత్తితో చిన్న ముక్క చెక్కి నోట్లో వేసుకుంటాడు. దాన్నే మచ్చు అంటాం. మచ్చు తిన్నవాడు కొనకపోయినా ఫర్వాలేదు, సరుకు తెచ్చిన రైతు ఎదుటే మాట చెప్పాలి. ఉప్పదనం ఉందనో, పాకం ముదిరిందనో, రంగు బాగుందనో. మూతి తుడుచుకుని మాటాడకుండా వెళ్ళిపోయేవాడికి మళ్ళీ కత్తి అందివ్వరు.

"మచ్చు తీసుకుంటారు, మాట చెప్పరు. ఇదెక్కడి వ్యాపారం డాక్టరమ్మా?" అన్నాను.

"వ్యాపారం కాదండి, పరిశోధన."

"అందుకే ఇలా ఉన్నట్టుంది."

ఆమె నవ్వేసింది. ఎంతోమంది పిల్లల నమూనాలు కలిపి చూస్తే తప్ప ఏమీ తెలియదని, మా ఒక్కరిది చూసి ఏదో చెబితే అది అబద్ధం చెప్పినట్టేనని ఓపిగ్గా వివరించింది.

"సరే, మా రక్తంలో ఏముందో చెప్పొద్దు. ఇప్పటిదాకా మీకు తెలిసింది కొంత ఉంటుంది కదా. అది మా కొట్టుకొచ్చి మా మావయ్య ముందు చెప్పండి."

"ఇక్కడే మీకు చెబుతాను. మీరు వాళ్ళకి చెప్పండి."

"నేను చెబితే నమ్మరమ్మా. వంకాయల బేరానికి నేనెన్ని అబద్ధాలాడతానో మా ఇంట్లో అందరికీ తెలుసు."

సరే, ఆదివారం వస్తానంది. "మీరు రక్తం ఇస్తారని కాదు. ఇవ్వకపోయినా వస్తాను. ఇవ్వడం మానడం మీ ఇష్టం, వైద్యం ఎలాగూ జరుగుతుంది," అని కూడా అంది. ఎదటివాళ్ళు అంత తేలిగ్గా దిగితే బేరగాళ్ళకి అనుమానం. ఇందులో మోసం ఎక్కడుందా అని బస్సులో ఇంటిదాకా వెతుక్కుంటూనే వచ్చాను. దొరకలేదు.

ఆ ఆదివారం ఆమె పాసింజరు రైల్లో వచ్చింది. గుడ్డ సంచీతో పాటు, ఒకవేళ ఇస్తే రక్తం పెట్టుకోవడానికి, చేతిలో తెల్లటి థర్మోకోల్ పెట్టె. మావయ్య కొట్టులో పరుపు మీద కూర్చుని ఉన్నాడు. మా బావ, అంటే మా ఆయన, తండ్రి ముందు ఎప్పుడూ నిలబడేచోటే, తలుపు దగ్గర నిలబడ్డాడు. అత్తా, తోటికోడలూ లోపలి గుమ్మంలో. పిల్ల బెల్లం దిమ్మల మీదెక్కి కూర్చుంది.

మావయ్య మర్యాదగా మచ్చు చెక్కి ఇచ్చాడు. ఆమె తిని, "తియ్యగా ఉందండి," అంది.

"బెల్లం తియ్యగా నేకపోతే మరెలాగుంటాది తల్లీ," అన్నాడాయన నిరాశగా.

తర్వాత ఆమె చెప్పడం మొదలుపెట్టింది. ఒంట్లో పాత రక్త కణాలు పోయి కొత్తవి పుడుతూ ఉంటాయి. ఒకదానికి నకలుగా ఇంకొకటి తయారవుతుంది. అలా నకలు తీసేటప్పుడు ఈ పిల్ల మజ్జలో ఏదో ఒక కణంలో పొరపాటు పడింది. ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో ఎక్కువమందికి ఆ పొరపాటు అమ్మ ఇచ్చిందీ కాదు, నాన్న ఇచ్చిందీ కాదు. వాళ్ళ ఒంట్లోనే, దానంతటది పడింది. కొందరిలో కడుపులో ఉన్నప్పుడే మొదలవుతుంది.

"కడుపులో ఉన్నప్పుడంటే తల్లిదేగా మరి," అంది గుమ్మంలోంచి అత్త.

"కడుపులో ఉండగా జరగడం వేరు, తల్లి ఇవ్వడం వేరమ్మా."

మావయ్య చెయ్యెత్తి భార్యని ఆపాడు. "అయ్యన్నీ సరే తల్లీ. మేనరికం వల్ల కాదు గదా? ఆ ఒక్కటీ సెప్పు."

కాదు అనే రెండక్షరాల కోసమే కదా ఈమెని ఇంత దూరం రప్పించింది.

"మేనరికం వల్ల వచ్చే జబ్బులు వేరే కొన్ని ఉన్నాయండి. ఈ జబ్బుకి అది కారణమని తేలలేదు," అంది. అక్కడ ఆగి ఉంటే చాలు. ఆగలేదు. "అసలు ఏ సంబంధమూ లేదా అంటే, అది ఇప్పుడే చెప్పలేను."

గుమ్మంలో అత్తా, తోటికోడలూ ముఖాలు చూసుకున్నారు. ఎందుకో ఆమెకి తెలియదు. మా బజారులో మచ్చు తిన్నవాడు 'ఇప్పుడే చెప్పలేను' అన్నాడంటే సరుకు చెడిందని అర్థం. ఎండలో బండి తోలుకొచ్చిన రైతు ముఖం మీద బాగులేదని అనలేక మర్యాదస్తులు వాడే మాట అది. అది విన్న రైతు మారు మాటాడకుండా దిమ్మల మీద గోనెపట్టా కప్పేసుకుంటాడు.

మావయ్య కత్తిని కండువాతో తుడిచి పక్కన పెట్టాడు. "అర్థమైంది తల్లీ. మమ్మల్ని నొప్పించకుండా సెప్పేవు."

"సూసేవా," అంది అత్త, తోటికోడలితోనో గోడతోనో.

డాక్టరమ్మ నా వైపు అయోమయంగా చూసింది. నేను లేచి నిలబడ్డాను. ఆ కొట్టులో ఆడవాళ్ళు నిలబడి మాట్లాడటం అలవాటు లేదు.

"మావయ్యా, ఈవిడ బెల్లం కొనడానికి రాలేదు. మన బజారు మాటలు ఈవిడికి రావు. సెప్పలేనంటే తెలీదనే. బాగులేదని కాదు."

"అంత సదువుకున్నోళ్ళకి తెలీకపోడమేటే?" అన్నాడు మావయ్య.

"తెలీందాని గురించే ఆవిడ ఉద్యోగం. అన్నీ తెలిసుంటే ఆదివారం పూట ఆ పెట్టి మోసుకుని రైల్లో ఎందుకొత్తాది?" ఆమె వైపు తిరిగాను. "చెప్పండమ్మా. తెలిసి దాస్తున్నారా, తెలియక చెప్పడం లేదా?"

"తెలియకేనండి. పూర్తిగా ఎవరికీ తెలియదు. అందుకే కదా మిమ్మల్ని అడుగుతున్నాం."

"ఇన్నారా? అంత పెద్ద ఆసుపత్రిలో ఎవలికీ తెలీదంట. మనింట్లో మాత్రం అందరికీ తెలుసు. అత్తకి తెలుసు. నక్కపల్లి సుట్టాలకి తెలుసు. పసిపిల్లకి గోడవార పీట ఎయ్యడానికి సరిపడా తెలుసు."

డాక్టరమ్మ ముందు చెయ్యి చాపాను. "తియ్యండమ్మా. ఇక్కడే."

"కొట్లో నెత్తురు తీయించుకుంతావేటే," అంది అత్త. "మనింట్లో దోషముందని కాయితం మీద ఎక్కించుకుంతావా?"

"ఉంటే ఉందని తెలుత్తాది, నేకపోతే నేదని తెలుత్తాది అత్తా. అందాకా నా కూతురు అందరితో కూకుని తింతాది."

డాక్టరమ్మ తొందరపడలేదు. ఒప్పుదల కాగితం తీసి, అందులో ఉన్నదంతా చదివి వినిపించి, ఇష్టమేనా అని రెండోసారి అడిగి, అప్పుడు నా చేతికి పట్టీ కట్టింది. ఇంత నోరున్నదాన్ని, సూది చూడగానే కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి మా బావ పక్కన నిలబడి చొక్కా చెయ్యి మడుస్తున్నాడు. తండ్రి ముందు కాఫీ కూడా అడగలేని మనిషి.

"కూకోవాలా, నిలబడి ఇయ్యొచ్చా?" అని అడిగాడు డాక్టరమ్మని.

"కూర్చోండి. మగవాళ్ళే ఎక్కువగా పడిపోతారు."

కొట్టులో కూర్చోడానికి ఉన్నది ఆ పరుపొక్కటే. దాని మీద మావయ్య తప్ప ఇంకొకరు కూర్చోగా నేను చూడలేదు. ఆయన కొడుకుని చాలాసేపు చూశాడు. ఆఖరికి పక్కకి జరిగి, "ఇలాగ కూకో," అన్నాడు.

మధ్యాహ్నం డాక్టరమ్మని భోజనానికి ఉండమన్నాం. నేను కంచాలు వేశాను. గోడవార పీట తీసి వరసలో వేసి, పిల్లని దాని మీద కూర్చోబెట్టాను. తోటికోడలు అత్త వైపు చూసింది. అత్త మావయ్య వైపు చూసింది. మావయ్య పప్పు కలుపుకుంటున్నాడు. తోటికోడలి చిన్నవాడు ఎవరి వైపూ చూడకుండా మా అమ్మాయి పక్కన చతికిలపడి, దాని కంచంలో అప్పడం లాక్కున్నాడు. అది వాణ్ణి కొట్టింది. ఆ దెబ్బలాట చూసి నాకు కడుపు నిండిపోయింది.

అందరూ మారిపోయారని చెప్పను. అత్త చాలా కాలం ఆ ఆదివారం సంగతి ఎత్తి దెప్పుతూనే ఉంది. తోటికోడలు ముభావంగానే వడ్డించేది. కానీ పీట మళ్ళీ గోడ దగ్గరికి వెళ్ళలేదు, వెళ్ళనివ్వలేదు. మా రక్తంలో ఏం కనిపించిందో ఇప్పటికీ తెలియదు. చెప్పబోమని ముందే అన్నారు, మాట మీద నిలబడ్డారు. నేనూ అడగలేదు.

ఆ తర్వాత మందులకి విశాఖపట్నం వెళ్ళినప్పుడు వార్డు వరండాలో ఒకామె నా పక్కన కూర్చుంది. గొలుగొండ అవతల కొండవార పొలం చేసుకునే మనిషి. కొడుకుకి మెడ పొడుగునా గడ్డలు. అదీ మా పిల్ల జబ్బుకి చుట్టమేనట, రక్తంలో కాకుండా గడ్డల్లో మొదలయ్యే రకం. ఆమె చేతిలో అదే కాగితం ఉంది.

"అప్పా, నెత్తురిమ్మంతన్నారు. ఇయ్యొచ్చేటి?" అంది. అక్కని అప్పా అంటారు మా ప్రాంతంలో.

"నాను ఇచ్చేను. ఇయ్యకపోయినా వైద్యం ఆపరు, నీ ఇష్టం. ఇచ్చినా మానినా ఒకటి మాత్రం అడుగు."

"ఏటడగాల?"

"ఈ జబ్బు ఎవరి వైపు నుంచి వచ్చిందని అడుగు."

ఆమె ముఖం తిప్పుకుంది. "ఆ మాట నానెందుకు అడగతాను అప్పా. మావోళ్ళు రోజూ నన్నే అంతన్నారు."

"అందుకే అడగమంతన్నాను. తెలీదంటారు. ఆ తెలీదన్న మాట నీ పెనివిటి సెవిన పడాల. ఆయన పక్కనున్నప్పుడు అడుగు. అత్త కూడా వచ్చుంటే మరీ మంచిది."

ఆమె కాగితాన్ని జాగ్రత్తగా మడతపెట్టింది. వరండా చివర ఆమె మొగుడు గోడకి ఆనుకుని బయటికి చూస్తున్నాడు. కొడుకుని నాకు అప్పజెప్పి, కొంగు నడుముకి దోపుకుని లేచింది.

"ఇదిగో, ఓపాలి లోనికి రా," అంది అతనితో. "డాక్టరమ్మనొక మాట అడగాల."