నానబెట్టమన్న తూటాలు

మొన్న దీపావళికి కుందులు తోముదామని చింతపండు నానేస్తే, ఆ పులుపు వాసనకు, విదేశం వచ్చి మేం కాపురమున్న కానింగ్ వేల్‌లోని మా పాత ఇంటి గరాజ్ కళ్ళ ముందుకొచ్చి నిలబడింది. చింతపండంటే అందరికీ వంటిల్లు గుర్తొస్తుంది. నాకు మాత్రం తుపాకి మందు, నూనె గుడ్డ, నాన్న చొక్కా గుర్తొస్తాయి. ఏం చేస్తాం, ఎవరి బాల్యం వాళ్ళది.

నాన్న వారమంతా లారీ తోలి, ఆదివారం రైఫిల్ క్లబ్బుకు పోయి గురి చూసి కాల్చేవాడు. ఒంగోలు కాలేజీలో క్యాడెట్‌గా ఉన్నప్పుడు అంటుకున్న పిచ్చి అది. పేల్చేసిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలను, కేసులంటారు వాటిని, పారేయకుండా ఏరుకొచ్చి, శుభ్రం చేసి, మళ్ళీ మందు నింపి ఇంట్లోనే తూటాలు తయారు చేసుకునేవాడు. ఎండాకాలం సాయంత్రాలు, సముద్రపు గాలి తిరిగి ఇల్లు కాస్త చల్లబడ్డాక, గరాజ్ షట్టర్ సగం ఎత్తి పెట్టి, మసిబారిన కేసులను నేను తోమే యంత్రంలో పోస్తే, అది వాల్‌నట్ పెంకుల పొడిలో వాటిని గంటల తరబడి గరగరా తిప్పేది. నాన్న బల్లకు బిగించిన, తూటాలు నొక్కి అమర్చే ప్రెస్ పిడి లాగుతూ, వాళ్ళ నాయనమ్మ పెరట్లో ఈతచాప మీద పోసి ఎండబెట్టిన మామిడి తాండ్ర గురించీ, తనను కాపలా పెడితే అందులో సగం తానే తిని తన్నులు తిన్న సంగతీ చెప్పేవాడు. మందు డబ్బా తెరిచినప్పుడు మాత్రం నన్ను గుమ్మం అవతల కూర్చోబెట్టి అక్కణ్ణుంచే వినమనేవాడు. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. ఆయన తెలుగులో చెప్పేవాడు, నేను ఇంగ్లీషులో అడిగేదాన్ని, ఇద్దరికీ అన్నీ అర్థమయ్యేవి.

ఆ ఏడు రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీ పెట్టారు. తన రైఫిల్‌లోనే చాలాసార్లు పేలి, దానికి సరిగ్గా అమరిపోయిన యాభై కేసులను నాన్న పోటీ కోసం విడిగా దాచుకున్నాడు. తీరా ఆ వారమే యంత్రం చెడిపోయింది. సరుకు వేసుకుని కాల్గూర్లీ పోతూ గురువారం ఫోన్ చేశాడు.

“అమ్మడూ, ఆ యాభై కేసులూ చింతపండు నీళ్ళల్లో నానబెట్టి, కడిగి ఆరబెట్టమ్మా. ఆదివారానికి కావాలి.”

“ఓకే నాన్నా, ఈజీ.”

అమ్మ కుందులు తోమేటప్పుడు నేనెప్పుడూ బడిలో ఉండేదాన్ని. నాకు తెలిసిన నానబెట్టడమల్లా మినప్పప్పుదీ సెనగలదీనూ. అంటే కనీసం మర్నాటిదాకా అన్నమాట. నాన్న మెచ్చుకోవాలని శుక్రవారం ఇంకాస్త చింతపండు పిసికి పోశాను. అమ్మ డ్యూటీల హడావిడిలో గరాజ్ వైపే రాలేదు.

శనివారం నాన్న వచ్చేసరికి కేసులన్నీ గులాబీ రంగుకు తిరిగాయి. పులుపుకు ఇత్తడిలోని జింకు కరిగిపోయి రాగి తేలిందట. అలాంటి కేసు బలం తగ్గి, కాల్చినప్పుడు చీలిపోవచ్చట. నాకు మాత్రం అవి ఎంతో అందంగా కనిపించాయి. నాన్న ఒకదాన్ని వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు.

“ఎప్పుడేశావమ్మా?”

“థర్స్‌డే. నానబెట్టు అని యూ సెడ్.”

“నాదేలే తప్పు. పది నిమిషాలని చెప్పాల్సింది.”

పోటీలో కొత్త కేసులతో కాల్చి, ఒక్క స్థానంలో జట్టు పోగొట్టుకున్నాడు. మరో రెండేళ్ళకు కంటిలో శుక్లం వచ్చింది, ఆపరేషన్ చేయించినా గురి మునుపటిలా కుదరలేదు. ఇక ఆ అవకాశం రాలేదు.

నన్ను పల్లెత్తు మాట అనలేదు. అనుంటే బాగుండేది. తప్పు తన తెలుగుదేనని తీర్మానించుకుని, ఆ తర్వాత నుంచీ నాకు ఏ పని చెప్పినా ఇంగ్లీషులోనే చెప్పాడు, “టెన్ మినిట్స్, ఓకే?” అంటూ. పని మాటలతో మొదలై బడి, భోజనం, కబుర్లు అన్నీ ఇంగ్లీషులోకి మారిపోయాయి, అమ్మ కూడా ఆయన దారే పట్టింది. నాన్న ఇంగ్లీషులో నాయనమ్మ కథలు రెండు ముక్కల్లో అయిపోయేవి. పని సుళువైందని నేను సంతోషించాను కూడా. తలచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

నాన్న పోయి ఆరేళ్ళయింది. రైఫిల్‌ను పోలీసులకు అప్పగించాం, తూటాల ప్రెస్‌ను రైఫిల్ క్లబ్బు వాళ్ళెవరో తీసుకున్నారు, ఆ గరాజ్‌లో ఇప్పుడు ఎవరిదో కారుంది. ఆసుపత్రిలో చివరి మధ్యాహ్నం నాన్న నా చెయ్యి పట్టుకుని, తెలుగులో చాలాసేపు ఏదో చెప్పాడు. పాతికేళ్ళుగా వాడని భాష, నాకు అందలేదు.

“ఇన్ ఇంగ్లిష్, నాన్నా,” అన్నాను.

“నథింగ్, డార్లింగ్,” అన్నాడు.

ఆ తర్వాత పంతం పట్టి తెలుగు నేర్చుకున్నాను. ఇప్పుడు ఒంగోలు యాసలో ఎంత వేగంగా మాట్లాడినా అర్థమవుతుంది. ఆ మధ్యాహ్నం నాన్న చెప్పిన వాటిలో మాత్రం ఒక్క మాటా గుర్తులేదు. అర్థం కాని మాటలు గుర్తెలా ఉంటాయి.