సన్న ప్లాస్టిక్ పొట్ట

పలాసలో ఒక స్కానింగ్ సెంటర్లో సీటీ మెషీను నడిపేది నేనే. మా సెంటరుకు గుర్తింపు రావాలంటే ఆ మెషీను మనిషికి ఎంత రేడియేషన్ ఇస్తుందో కొలిపించి, పరిమితి దాటలేదని చూపించాలి. అందుకని ఒక ఇంజనీరు రెండు ప్లాస్టిక్ దిమ్మెలు పట్టుకొచ్చాడు. లావుది పెద్దవాళ్ల పొట్ట, సన్నది పిల్లల పొట్ట. వాటి చిల్లుల్లో రేడియేషన్ కొలిచే కలంలాంటి సాధనం దూర్చి స్కాన్ చేస్తారు.

లావు పొట్ట మొదటిసారే గట్టెక్కింది. సన్నదానికి అంకె పరిమితి దాటింది. అన్నం మానేసి కూర్చుని, డోసు తగ్గించి పిల్లలకు వేరే సెట్టింగు తయారుచేశాను. పాసయింది. నిజం చెప్పొద్దూ, ఆ రోజు తెగ గర్వపడ్డాను. సర్టిఫికెట్ రాగానే మా ఓనరు ఫ్రేము కట్టించి, పసుపు కుంకుమ బొట్లు పెట్టి హాల్లో వేలాడదీశారు. అప్పటినుంచి మా ఊడ్చే ఆవిడ దేవుడి పటంతోపాటు దానికీ అగరొత్తి తిప్పుతోంది.

నా సెట్టింగు నెల కూడా బతకలేదు. డోసు తగ్గితే బొమ్మ కాస్త మసకగా వస్తుంది. జబ్బు కనిపించడానికి అది చాలు. రిపోర్టు రాసే డాక్టరుగారికి మాత్రం చాలదు.

"ఏంటయ్యా ఇది, బొమ్మంతా ఇసక జల్లినట్టుంది. మళ్లీ తీసి పంపు" అని ఫోన్లో కేకలేశారు.

మళ్లీ తీయడమంటే ఆ పసివాళ్లకు రెండో డోసు. నాలుగుసార్లు చివాట్లు తిన్నాక పిల్లలకూ పెద్దవాళ్ల సెట్టింగే పెట్టేయడం మొదలెట్టాను. ఎవరూ అడగలేదు, నేనూ నన్ను ప్రశ్నించుకోలేదు.

కిందటి వేసవిలో మా చెల్లెలి భర్త కూతుర్ని తీసుకొచ్చాడు. నౌపడ ఉప్పు మడుల్లో పని అతనిది. పిల్లకి ఎనిమిదేళ్లు, వారం రోజులుగా కడుపునొప్పి. కిడ్నీ జబ్బుతో తన తల్లిని పోగొట్టుకున్న మనిషి, కడుపునొప్పి అంటేనే అతనికి చెమటలు పడతాయి.

"నొప్పెడతాదేటి మావా?" అంది పిల్ల, బల్లమీద పడుకుని.

"ఏటీ నొప్పెట్టదే. ఊపిరి బిగబట్టు, అంతే."

అలవాటుగా పెద్దవాళ్ల సెట్టింగులోనే నొక్కేశాను. పిల్ల కదిలింది. మళ్లీ నొక్కాను. అప్పుడు చూశాను తెర. సన్న ప్లాస్టిక్ పొట్టకు ఎక్కువైందని నేను దించేసిన ఆ పాత అంకె, నా మేనకోడలి పేరు పక్కన రెండుసార్లు ఉంది.

దీనివల్ల పిల్లకి ఏమీ కాకపోవచ్చు. ఏ ముప్పయ్యేళ్లకో ఏదైనా అయినా, ఇందువల్లే అని ఎవరూ తేల్చలేరు. నేను దొరకనని తెలియడమే నన్ను తినేస్తోంది.

హాల్లో అతను లేచి నిలబడ్డాడు. "బావా, ఈ మిషన్ వల్ల పిల్లకేటీ అవదు గదా? అందరూ ఏటేటో సెప్తన్నారు."

నిజం నోటిదాకా వచ్చింది. చెయ్యెత్తి గోడ చూపించాను.

"అదిగో సూడు. కొలిసి ఇచ్చిన కాయితం."

అతను ఆ ఫ్రేముకు దండం పెట్టుకున్నాడు. నేను తల తిప్పుకున్నాను.

పేగుల్లో చిన్న గడ్డలేవో ఉన్నాయని రిపోర్టు వచ్చింది, మూడు నెలలాగి మళ్లీ తీయమన్నారు డాక్టరుగారు. "పరాయోళ్ల కాడికి ఎందుకు బావా, నువ్వున్నావు గదా" అంటూ మళ్లీ నా దగ్గరికే వచ్చాడు. ఈసారి తలుపేసుకుని పిల్లల సెట్టింగే తెరిచాను. ఒక్కసారే నొక్కాను. పిల్ల అసలు కదలలేదు.

పావుగంటలో ఫోన్ మోగింది. ఇసక జల్లినట్టుందట, మళ్లీ తీయాలట. కాదనలేకపోయాను. పిల్లని వెనక్కి పిలిచేసరికి, నేను చెప్పకుండానే బల్లెక్కి పడుకుని ఊపిరి బిగబట్టింది.