గుంత లోతు పావడ

నా మాట విని బాగుపడినవాళ్ళు ఎవరూ లేరు గానీ, ఈ ఒక్క మాట వినండి. మగ్గం గుంతలో, అదే నేసేవాడు కాళ్ళు దించుకునే గోతిలో, నిలబడి పిల్లలకు బట్టలు కొలవకండి. నేను కొలిచాను. ఆ దసరాకు ధర్మవరంలో మా వీధి వీధంతా పండగ పక్కన పెట్టి నన్ను చూసి నవ్వింది.

అప్పటికి నా కూతురు నాగరత్నకు ఆరేళ్ళు. ఊళ్ళోవాళ్ళ పెళ్ళిళ్ళకు పట్టుచీరలు నేసే ఇల్లు మాది, మా పిల్ల ఒంటి మీద మాత్రం పట్టుపోగు లేదు. ఒకరోజు మగ్గం మీది చీర అంచు నిమురుతూ అడిగింది.

"ఇవన్నీ ఎవురు కట్టుకుంటారు నాయనా?"

"ఈ దసరాకు నువ్వే కట్టుకుంటావులే," అనేశాను. అన్నాక తప్పించుకునే దారి ఉందా? షావుకారు పండగకని ఇచ్చిన పట్టుతో పావడ నేద్దామని కూర్చున్నాను.

మీకు తెలియకపోతే చెబుతాను. పావడకు అంచు కాళ్ళ దగ్గరికి రావాలి, కాబట్టి బట్ట పన్న, అంటే వెడల్పు, ఎంతో పావడ పొడవు అంత. మగ్గం ఎక్కించకముందే పిల్ల నడుము ఎత్తు తెలిసి ఉండాలి.

"కొలత నేను తీసిస్తా ఉండయ్యా," అంది మా ఆవిడ తిమ్మక్క. హిందూపురం ఆడపడుచు, మాట కంటే ముందు నవ్వొస్తుంది ఆమెకు.

"నేసేవాడికి కొలత ఇంగొకరు చెప్పాల్నా? నా కన్నే కొలత," అన్నాను.

ఆ కన్ను ఏం చేసిందో వినండి. గుంతలో దిగి నిలబడి తాళ్ళు సరిచేస్తుంటే, నాగరత్న గట్టున నిలబడి సంగటికి రమ్మని పిలిచింది. పిల్ల నడుము సరిగ్గా నా రొమ్ము ఎత్తుకు వచ్చింది. ఇంకేం, దొరికింది కొలత అనుకున్నాను. తినేసి వచ్చి, నేల మీద నిలబడి, నా మడమ నుంచి రొమ్ము దాకా తాడు పట్టి, అంత పన్నతో మగ్గం ఎక్కించాను. గుంత లోతు తీసెయ్యలేదేమని మీరు అడుగుతున్నారు. నన్ను ఆరోజు ఎవరూ అడగలేదు.

నేస్తుంటే తిమ్మక్క ఊరుకోలేదు. "పావడకు ఇంత పన్న ఏందయ్యా? నేనే కట్టుకోవచ్చు."

"మడమల దాకా ఉండాల. పట్టు సంగతి నీకేం తెలుసు?"

పక్కింటి ఓబులేసు తొంగిచూశాడు. "ఏమప్పా, పిల్లకా, పిల్ల అవ్వకా?"

"నీ మగ్గం నువ్వు చూసుకో పో," అన్నాను.

పండగనాడు పావడను పిల్ల తల మీంచి తొడిగాం. పిల్ల కనబడలేదు. బట్ట లోపలి నుంచి మాట మాత్రం వచ్చింది.

"నాయనా, ఈడ చీకటిగా ఉండాది."

తిమ్మక్క నవ్వి నవ్వి గోడకు చేరగిలబడిపోయింది. ఓబులేసు వీధిలో అందరినీ పిలిచి చూపించాడు. నేను కత్తెర తీస్తే తిమ్మక్క చేయి పట్టుకుంది. "కొయ్యొద్దు. మడతలు కుడతా. ఏటా ఒకటి విప్పుతా పోతే దీని పెండ్లి దాకా వస్తాది." అప్పటికప్పుడు కూర్చుని నాలుగు మడతలు కుట్టింది. సాయంత్రం జమ్మిచెట్టు దగ్గరికి నా కూతురు పట్టు కట్టుకునే పోయింది.

ఆ పండగ తర్వాతి ఎండాకాలం ఊళ్ళో కలరా వచ్చింది. పొద్దున బాగానే ఉన్న తిమ్మక్క మరుసటి పొద్దుకు లేదు. ఆ నవ్వు పోయాక మా ఇంట్లో మగ్గం చప్పుడు కూడా నాకు సహించేది కాదు.

పిల్లను పెంచడం నా పాలబడింది. నేను వేసిన జడ తెగిన పోగులు అతికినంత గట్టిగా ఉండేది, విప్పడానికి ఓబులేసు భార్యకు అరపూట పట్టేది. మళ్ళీ దసరా వచ్చింది. తిమ్మక్క చెప్పినట్టే మొదటి మడత విప్పుదామని పావడ ముందేసుకుని సూది పట్టాను. నాగరత్న వచ్చి నా చేతి మీద చేయి వేసింది.

"ఇప్పొద్దు నాయనా. అది అమ్మ కుట్టు."

"ఇప్పకపోతే పొట్టిదైతాది కదమ్మా."

"పొట్టిదే కట్టుకుంటా."

"ఇంగొకటి నేసిస్తా."

"దాంట్లో అమ్మ కుట్టు ఉండదు కదా."

నేను సూది కింద పెట్టి, గుంతలో దిగి కూర్చుని ఏడ్చాను. ఆ తర్వాత ప్రతి దసరాకూ ఆ పావడే కట్టింది. ఏటేటా అంచు పైకి పోయి మోకాళ్ళు దాటింది. వీధిలో పిల్లలు ఎగతాళి చేసినా మడత మీద చేయి వేయనివ్వలేదు. ఇక నడుము పట్టని ఏడు తానే మడిచి పెట్టెలో పెట్టింది.

ఇప్పుడు నాగరత్న పెనుకొండలో కాపురం చేసుకుంటోంది, దాని కూతురికీ ఆరేళ్ళొచ్చాయి. ప్రపంచ యుద్ధం ముగిసినా బట్టకు కరువు తీరలేదు. నవరాత్రులు దగ్గర పడుతుంటే కబురు పంపింది. "పెట్టెలో పావడ తీసుకొని రా నాయనా, పాపకు కట్టాల. మడతలు మాత్రం ముట్టుకోవద్దు."

పోయిన నెల పెనుకొండ వెళ్ళినప్పుడు, పాపకు ఒక పావడ నేద్దామని మనవరాలిని నిలబెట్టి, నేనూ నేల మీదే నిలబడి, తాడుతో కొలిచి తెచ్చుకున్నాను. నిన్న ఆ తాడు పావడ పక్కన పరిచి చూశాను. ఒక వేలు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

కాబట్టి పోగు విసిరే నా నాడె మీద ఒట్టు, ఈ జన్మలో ఇంకెప్పుడూ మగ్గం గుంతలో నిలబడి ఏ పిల్లకూ కొలత తీసుకోను. అయినా ఆరోజు సరిగ్గా కొలిచి ఉంటే మడతలు ఉండేవి కావు, తిమ్మక్క చేతి కుట్టు ఈ ఇంట్లో ఒక్కటి కూడా మిగిలేది కాదు.