గాలికి బట్ట ఇవ్వని మా అత్త

మా అత్త పోయి తొమ్మిది రోజులైంది. ఆవిడ పోయిన పూట నేను ఆసుపత్రికి ఇరవై నిమిషాలు ఆలస్యంగా చేరాను. మావాళ్ళు మూడో రోజుకే అత్త గురించి మాట్లాడుకోవడం తగ్గించేశారు. ఆ ఇరవై నిమిషాల గురించి మాత్రం ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు.

"బండేసుకుని ఊళ్ళన్నీ తిరుగుద్ది. అత్త పోతుంటే మాత్రం గాలి అడ్డమొచ్చిందంట దీనికి," అని పెద్దనాన్న పలకరింపుకి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్తున్నారు. నేను వంటింట్లో కాఫీ గ్లాసులు కడుగుతూ వింటున్నాను. చిన్నప్పుడే మా ఇంట్లో నాకో ముద్ర పడిపోయింది. మొండిది, భయమంటే తెలీదు, ఒకచోట కూర్చోదు, గేర్ల బండి నడుపుద్ది. అలాంటి పిల్ల గాలికి ఆగిందంటే అది భయమై ఉండదు, లెక్కలేనితనమే అయ్యుంటుందని వాళ్ళ లెక్క. నిజానికి మా ఇంట్లో అందరికన్నా పిరికిదాన్ని నేనే. వేళకాని వేళ ఫోన్ మోగితే ఎత్తడానికి నాకు భయం. ఆ సంగతి తెలిసిన మనిషి ఒక్కరే ఉండేవారు. ఇప్పుడు ఆవిడ గురించి రాస్తున్నాను.

అత్త మా నాన్నకి అక్క. పాలకొల్లు నుంచి వెళ్తే చించినాడ వంతెన అవతల, కోనసీమ వైపు ఊళ్ళో ఒక్కర్తీ ఉండేది. పిల్లల్లేరు. మామయ్య పోయాక ఆయన మోటారు సైకిల్ అమ్మేస్తామని అందరూ అంటుంటే, అమ్మకుండా తనే నేర్చుకుంది. పాలకొల్లులో ఒక ల్యాబుకి ఇళ్ళకెళ్ళి రక్తం తీసుకొచ్చే పని ఆవిడది. పరగడుపు పరీక్షలు కాబట్టి ఆరింటికల్లా మొదటి ఇంటి తలుపు కొట్టాలి. అంటే తెల్లారకముందే వంతెన ఎక్కాలి.

గోదావరి జిల్లాల్లో చలేంటండీ అని మీరు నవ్వుకోవచ్చు. దుప్పట్లో ఉన్నవాళ్ళకి నవ్వుగానే ఉంటుంది. పుష్యమాసంలో తెల్లవారుజామున బండి మీద వశిష్ఠ గోదావరి దాటి చూడండి. కింద నీళ్ళు కనపడవు, పైన మంచు. అడ్డంగా కొట్టే తడిగాలికి వేళ్ళు మనవి కాకుండా పోతాయి.

"చలికి నేను చావనే. చేతులు కొయ్యబారిపోతేనే కష్టం. డెబ్బై ఏళ్ళాయన చేతిలో నరం ఎక్కడని వెతకను? రెండు సార్లు గుచ్చితే ఆయన మూడోసారి నన్ను గుమ్మం ఎక్కనిస్తాడా?" అనేది.

అందుకే ఆవిడ బయలుదేరడం ఒక పెద్ద తంతు. ముందు ఒంటికి అతుక్కునే నూలు బనియను. దాని మీద జాకెట్టు, చీర. చీర కింద మామయ్య ప్యాంటు, చీలమండల దగ్గర రబ్బరు బ్యాండ్లు. చీర మీద మామయ్య ఫుల్ హ్యాండ్స్ చొక్కా. దాని మీద స్వెటర్, ఆ రెండింటికీ మధ్య గుండెల మీద నిన్నటి పేపరు నాలుగు మడతలు. అన్నిటికన్నా పైన, వానున్నా లేకపోయినా, రెయిన్‌కోటు తిరగేసి తొడిగేది. గుండీలు వీపు మీదికి వచ్చేవి. నడుముకి లంగా బొందుతో ఒక ముడి. చేతులకి మామయ్య మేజోళ్ళు, బొటనవేలి దగ్గర కత్తిరించినవి.

వీపు మీద గుండీలు తనకి అందవు. రోజూ పక్కింటావిడ వచ్చి పెట్టేవారు. "పెళ్ళికూతుర్ని చెయ్యడం కూడా ఇంత పని కాదండీ," అని ఆవిడ ఆవలిస్తూ విసుక్కునేవారు. "పెళ్ళికూతురు వంతెన మీద బండి నడపదు కదండీ," అనేది మా అత్త. నేను డిగ్రీ చదివే రోజుల్లో శనివారం సాయంత్రం అత్తింటికెళ్ళి, ఆదివారం పొద్దున్న రక్తం సీసాల ఐసు డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఆవిడ వెనక కూర్చునేదాన్ని. ఆ రోజు గుండీల పని నాది.

రోగుల ఇళ్ళకి వెళ్ళాక ఇదంతా అరుగు మీద ఒక్కొక్కటీ విప్పేది. ఒక ఇంట్లో చిన్నపిల్ల "ఉల్లిపాయమ్మగారొచ్చారు" అని లోపలికి పరిగెత్తింది. వాళ్ళమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. అత్త మాత్రం మేజోళ్ళు లాగుతూ, "అవునే, మీ తాతగారికి కళ్ళమ్మట నీళ్ళు తెప్పించడానికే వచ్చాను," అంటూ లోపలికి వెళ్ళి, ఆయనకి నొప్పి తెలిసేలోపు రక్తం తీసేసింది. ఆ వేళ్ళు వెచ్చగా ఉండేవి. నా నుదుటి మీద పెట్టినప్పుడు నాకు తెలిసేది.

ఇదంతా చలి కోసమేనని చాలా రోజులు అనుకున్నాను. ఒక ఆదివారం కాదని తెలిసింది.

ఆ పొద్దున్న సముద్రంలో అల్పపీడనమో ఏదో ఉంది. వాన లేదు కానీ గాలి విసురుగా ఉంది. వంతెన ఎక్కేముందు టీ కొట్టు దగ్గర అత్త బండి ఆపేసింది.

"ఏంటత్తా?"

"టీ తాగుదాం."

"తాగే కదా బయల్దేరాం!"

"మళ్ళీ తాగుదాం."

టీ వైపు చూడటం లేదు ఆవిడ. గట్టు మీద కొబ్బరిచెట్లకేసి చూస్తోంది. "ఆకు ఊగుతుంటే దాటొచ్చే. ఒక పక్కకి వాలిపోయి, మళ్ళీ లేవకుండా ఉండిపోయిందనుకో, కదలకూడదు," అంది. ఈలోపు ఫోన్. అవతల షుగరున్న పెద్దాయన గొంతు నాక్కూడా వినపడుతోంది. కడుపు మాడ్చుకుని ఎంతసేపని కూర్చోను, అంటున్నారు.

"ఇంకో అరగంట కూర్చోండి బాబాయి గారూ. నేను గోదాట్లో పడితే మీకు పరీక్ష ఎవరు చేస్తారండీ?"

ఆయన ఇంకేదో అన్నారు. "ఆకలేస్తే మంచినీళ్ళు తాగండి," అని పెట్టేసింది. అప్పుడు చూశాను, టీ గ్లాసుని రెండు చేతులతో గుండెలకి ఆనించుకుని ఉంది. ఇన్ని పొరల్లో కూడా చలేస్తోందా అని అడిగాను.

"చలి కాదే. నాకీ వంతెనంటే భయం."

"ఎప్పట్నుంచి?"

"బండి నేర్చుకున్న కొత్తలో రెయిన్‌కోటు అందరిలా గుండీలు ముందుకే పెట్టుకుని వెళ్ళాను. నడుముకి కట్టుకోలేదు. వంతెన మధ్యలో గాలి లోపలికి దూరింది. బుడగలా ఉబ్బిపోయాను. ఇక బండి నా మాట వినలేదు. లారీ చక్రం నా మోకాలి పక్కనుంచి పోయింది. ఆ వేడి ఇప్పటికీ తెలుస్తుంది నాకు." టీ ఒక గుక్క తాగి అంది, "గాలికి బట్ట ఇవ్వకూడదే. ఇచ్చామా, మనల్నే పట్టుకుపోద్ది."

"మరి రోజూ ఎలా దాటుతున్నావు?"

"దాటగలిగిన రోజు దాటుతున్నాను. లేని రోజు ఇక్కడ కూర్చుంటున్నాను. కావాలంటే ఈయన్నడుగు."

"ఆయ్," అన్నాడు టీ కొట్టాయన. "వానాకాలం నా యాపారం అమ్మగారి భయం మీదే నడుస్తాదండి."

ముగ్గురం నవ్వాం. నాకు లోపల ఏదో ముడి వీడింది. భయపడేవాళ్ళు కూడా బండి నడపొచ్చని, భయాన్ని దాచుకోకుండా టీ కొట్టు దగ్గర అందరి ముందూ పెట్టుకుని కూర్చోవచ్చని అంతకు ముందు నాకెవరూ చెప్పలేదు. నలభై నిమిషాలు కూర్చున్నాం. నాకూ అన్నిటికీ భయమేనని ఆ రోజే అత్తకి చెప్పుకున్నాను. ఆకులు లేచాయి. అత్త నా నడుం చుట్టూ చున్నీ బిగించి కట్టి, చివర్లు లోపలికి దోపి, "అదిగో, ఇప్పుడు దాటుదాం" అంది. వంతెన మీద ఆవిడ వీపుకి నా చెంప ఆనించాను. రెయిన్‌కోటు కొంచెం కూడా కొట్టుకోలేదు.

ఇక ఆ రోజు సంగతి.

అత్తకి గుండెలో నొప్పి వచ్చి రాజోలు ఆసుపత్రిలో చేర్చి రెండు రోజులైంది. అమ్మా నాన్నా అక్కడే ఉన్నారు. కొంచెం తేరుకుందని, బట్టలు తెమ్మని నన్ను పాలకొల్లులో మా ఇంటికి పంపారు. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి నాన్న ఫోన్ చేశారు. "ఎలా ఉందో చెప్పలేకపోతున్నాను. నువ్వు వచ్చెయ్యి," అన్నారు. బయట ఈదురుగాలి, వాన. ఆటోలేవీ కదలడం లేదు. నాన్న పాత బండి తీశాను. రెయిన్‌కోటు తగిలించుకున్నాను. గుండీలు ముందుకే. నడుముకి ఏమీ కట్టుకోలేదు. పక్కింటివాళ్ళని పిలిచి, అత్త నేర్పిందంతా చెయ్యడానికి ఆరు నిమిషాలు పడుతుంది. ఆ ఆరు నిమిషాలు దండగనిపించింది.

వంతెనకి మా వైపు కూడా ఒక టీ కొట్టుంది, అది మూసేసి ఉంది. కొబ్బరాకులు ఒక పక్కకి వాలి నిలబడిపోయాయి. చూశాను. చూసి కూడా ఎక్కాను.

నాలుగో దీపస్తంభం దాటానేమో, రెయిన్‌కోటు ఉబ్బింది. వెనకనుంచి ఎవరో చంకల్లో చేతులు పెట్టి ఎత్తుతున్నట్టనిపించింది. ముందు చక్రం తెల్లగీత దాటి అవతలికి జరిగింది. నేను తిప్పలేదు, అదే జరిగింది. ఎదురుగా లారీ హారన్ కొడుతూనే ఉంది. బ్రేకు వేశానో, పడ్డానో, కాలే ఆపిందో నాకు తెలీదు. లారీ వెళ్ళిపోయాక చూస్తే పిట్టగోడ పక్కన నిలబడి ఉన్నాను, బండి నా తొడ మీద వాలి ఉంది. ఇనప కమ్మీల సందుల్లోంచి నది కనిపిస్తోంది, బురద రంగులో, చాలా దగ్గరగా. నా పళ్ళు టకటకలాడుతున్న చప్పుడు హెల్మెట్‌లో నాకే వినిపించింది. దిగి, బండిని నడిపించుకుంటూ వెనక్కి వచ్చేశాను.

టీ కొట్టు రేకు కింద ఇద్దరు ఆటోవాళ్ళు ఉన్నారు. తీసుకెళ్ళమని బతిమాలాను. "గాలి తగ్గనీండమ్మా, మావల్ల కాదు," అన్నారు. బస్సు రాలేదు. అక్కడే కూర్చున్నాను. ఫోన్ రెండుసార్లు మోగింది. ఎత్తలేదు. ఎత్తితే ఏం వింటానోనని భయం. నది భయం ఒకటి, ఫోన్ భయం ఒకటి. రెండింటి మధ్యా ముప్పావుగంట. గాలి కాస్త తగ్గాక, బ్యాగులోంచి నాన్న పంచె తీసి రెయిన్‌కోటు మీద నడుముకి బిగించి కట్టుకుని దాటాను.

ఆసుపత్రి గుమ్మంలో పెద్దనాన్న నిలబడి ఉన్నారు. మొహం చూస్తే తెలిసిపోయింది. ఆయన నన్ను కాదు, నా నడుముకున్న పంచెని చూశారు. "సింగారించుకుని వచ్చావా?" అన్నారు.

ఆ మాట తొమ్మిది రోజులుగా నాతోనే ఉంది. ఇంకో ప్రశ్న కూడా ఉంది. అది ఎవరూ అడగరు, ఎందుకంటే ఎవరికీ తట్టదు. ఆ ఆరు నిమిషాలు తీసుకుని సరిగ్గా కట్టుకుని ఉంటే మొదటిసారే దాటేదాన్నా? తెలీదు. పడుకుంటే తెల్లగీత కదులుతూ కనిపిస్తోంది. అత్త నేర్పిన రెండింటిలో ఒకటి, గాలికి బట్ట ఇవ్వకపోవడం, మరిచిపోయాను. రెండోది, దిగి వెనక్కి రావడం, మరిచిపోలేదు. ఆ రెండోదాని వల్లే బతికి ఇది రాస్తున్నాను.

నిన్న పెద్దనాన్న కొత్త మాట తెచ్చారు. పెద్దకర్మ రోజు అత్త ఫోటో ముందు నిలబడి, తప్పైపోయిందని అందరి ముందూ అనాలట. ఆ తర్వాత బండి ఇంట్లో ఉండకూడదట. "ఆఖర్లో నీ గురించే కలవరించింది," అన్నారు.

ఆయన వెళ్ళాక అమ్మ నా పక్కన కూర్చుంది. బీన్స్ తుంచుతూ, తల ఎత్తకుండా అంది.

"కలవరింత కాదే. వదినగారు తెలివిగానే ఉన్నారు. బయట గాలెలా ఉంది, అనడిగారు. బాగా వీస్తోందండీ అన్నాను. అది బయల్దేరిపోలేదు కదా అన్నారు. బయల్దేరిందన్నాను. కళ్ళు మూసుకుని, 'ఆగుద్దిలే, దానికి భయమెక్కువ' అన్నారు."

"మరి పెద్దనాన్నకి చెప్పలేదేం?"

"చెప్పాను. భయమా, దీనికా, అని నవ్వేశారు."

అమ్మ బీన్స్ గిన్నె తీసుకుని లేచి వెళ్ళిపోయింది. పోయేముందు ఒక మనిషి నా భయాన్ని నమ్ముకుని కళ్ళు మూసుకుంది. నా ధైర్యాన్ని నమ్ముకున్న వాళ్ళు మా ఇంట్లో చాలామంది ఉన్నారు.

పెద్దకర్మ ఎల్లుండి, అత్త ఊళ్ళోనే. ఫోటో ముందు నేను తప్పైందని అనను. బండి అమ్మను. ఎల్లుండి ఆ బండి మీదే వెళ్తాను. గాలి బలంగా ఉంటే ఇవతలే ఆగుతాను, నాకోసం విస్తళ్ళు ఆపొద్దని నాన్నకి చెప్పేశాను.